మెయిన్ బంద్ చేసి పోయే ఊరు

"మీ ఊరే కదమ్మా, హాయిగా ఉంటావు" అంటూ బదిలీ కాగితం నా చేతిలో పెట్టిన పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఊరు నాదే. అందుకే కదా అక్కడి నుంచి బయటపడటానికి అంత తిప్పలు పడ్డాను! నారాయణఖేడ్‌లో పదో తరగతి పాసై, టైపు నేర్చుకుని, ఆ పరీక్షా ఈ పరీక్షా రాసి, చివరికి హైదరాబాద్‌లో పరీక్షల ఆఫీసు వాళ్ల కంప్యూటర్ సెంటర్‌లో పంచ్ ఆపరేటర్‌గా చేరాను. అది డెబ్బైల చివర. పెళ్లి అక్కడే అయింది, పిల్లలు అక్కడే పుట్టారు. తీరా తొంభైల మధ్యలో, చేతులకు అలవాటైన పని చేసుకుంటూ నా మానాన నేనుంటే, "క్లయింట్ సర్వర్" అనే మాట ఒకటి ఆఫీసులోకి వచ్చింది. దాని వెనకాలే నా బదిలీ వచ్చింది.

మెయిన్‌ఫ్రేమ్ అని మేమెప్పుడూ అనలేదు. పెద్ద మిషను అనేవాళ్లం. పెళ్లి హాలంత గదిలో ఇనుప బీరువాల వరుసలా ఉండేది. చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి పోవాలి. మిషనుకు చలి కావాలి కాబట్టి ఎండాకాలంలోనూ మాకు స్వెటర్లు. నడి మే నెలలో నేను స్వెటరు చేతిలో పట్టుకుని బయలుదేరుతుంటే మా అత్త "ఏందే, జ్వరమొచ్చిందా?" అని రోజూ ఒకే మాట అడిగేది. రోజూ ఒకే జవాబు చెప్పి విసిగిపోయి, "ఆ, వచ్చింది" అనేదాన్ని.

జిల్లాల నుంచి పదో తరగతి పిల్లల దరఖాస్తులు కట్టలు కట్టలుగా బస్సుల్లో వచ్చేవి. ఒక్కో పిల్లవాడికి ఒక్కో అట్టముక్క. మేం మీటలు నొక్కితే అట్టకు చిల్లులు పడేవి. నేను కొట్టిన కార్డునే పక్కనామె ఇంకోసారి కొట్టి సరిచూసేది. ఆ కట్టలన్నీ మిషనుకు తినిపిస్తే, అది గడగడమంటూ హాల్ టికెట్లు అచ్చు వేసేది. తర్వాత కార్డులు పోయి టేపులొచ్చాయి. టేపులు ఉండగానే పచ్చ అక్షరాల తెరలొచ్చాయి. మా కుర్చీల ముందు వస్తువులు మారాయే కానీ, బుద్ధంతా లోపలి గదిలో ఆ పెద్ద మిషనులోనే ఉండేది. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో, ఎవరిని తిట్టాలో మాకు తెలిసేది. అది చిన్న సుఖమేం కాదని ఇప్పుడు అర్థమవుతుంది.

మా సూపర్‌వైజర్ ముసలాయన నోటికి హద్దులేని మనిషి. వానలకు మంజీర పొంగి బస్సు ఆగిపోయిందనో, హెడ్ మాస్టర్ కూతురి పెళ్లి అనో, ప్రతి ఏడూ ఏదో ఒక బడి దరఖాస్తులు గడువు దాటాకే వచ్చేవి. వాటిని చూడగానే ఆయన తిట్లు అందుకునేవాడు. తిట్టడం పూర్తయ్యాక, "కొట్టండమ్మా, తోక కొట్టండి" అనేవాడు. తోక అంటే పెద్ద కట్ట చివర తగిలించే చిన్న కట్ట. ఆ ఆలస్యం పిల్లలకు కార్డులు కొట్టి, మిషను నడిచే ముందు చివర పెట్టేసేవాళ్లం. మిషను ఏ కార్డు ఎప్పుడొచ్చిందని అడిగేది కాదు. తోక తగిలించని ఏడు ఒక్కటీ నాకు గుర్తులేదు.

ఇలా నడుస్తుంటే ఒక రోజు ఏదో కంపెనీ నుంచి కుర్ర ఇంజినీరు వచ్చి మమ్మల్నందరినీ కూర్చోబెట్టి బోర్డు మీద పెట్టెలు గీశాడు. పైన ఒక పెద్ద పెట్టె, కింద చాలా చిన్న పెట్టెలు, మధ్యలో గీతలు. "ఇదిగోనండీ, పైనున్నది సర్వర్. కిందున్నవి క్లయింట్లు. ఇక జనం మన దగ్గరికి రానక్కర్లేదు. వాళ్ల గడప దగ్గరే పని అయిపోతుంది. సమాచారం టెలిఫోన్ లైనులో తనే వచ్చేస్తుంది" అన్నాడు. మాటలు చక్కగా చెప్పాడు. మా వాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చిన్న పెట్టెల్లో ఒకదాని పేరు నారాయణఖేడ్ అని, దానిలో నన్ను పెడతారని అప్పటికి నాకు తెలియదు.

ఖేడ్‌లో బస్టాండుకు దగ్గర ఒక సర్కారు ఆఫీసులో మాకొక గది ఇచ్చారు. ఒక కంప్యూటర్, దాని కింద కరెంటు పోతే కాసేపు దాన్ని నడిపించే యూపీఎస్ అనే బరువైన డబ్బా, పక్కన ఎర్రదీపాలు మిణుకుమనే మోడెం, దానికి టెలిఫోన్ తీగ. నా సంసారం హైదరాబాద్‌లో, నేను ఇక్కడ పుట్టింట్లో. శనివారం సాయంత్రం బస్సెక్కి, జోగిపేటలో చాయ్ తాగి, చీకటి పడ్డాక ఇల్లు చేరడం, సోమవారం మళ్లీ కోడి కూయకముందే లేచి పరుగు. ఆఫీసు మొత్తానికి ఒక ఆఫీసరు సారు, ఒక అటెండరు. అటెండరుది మనూర్ పక్క పల్లె, ఆఫీసు వెనక సందులో ఒక అర్ర అద్దెకు తీసుకుని ఉండేవాడు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. నేను కాకా అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు. మంచి మనిషి. అదే వచ్చిన తిప్పలు. చెడ్డవాడైతే తిట్టిపోసి మనశ్శాంతిగా ఉండేదాన్ని.

పని పద్ధతి ఇంజినీరు వచ్చి చూపించాడు. పగలంతా నేను పిల్లల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పగలు ఎస్టీడీ లైను దొరకడం కష్టం, దొరికినా మధ్యలో తెగుతుంది. అందుకని రాత్రిపూట హైదరాబాద్ సర్వరే మా మోడెంకు ఫోన్ చేసి, ఆ రోజువి లాక్కుంటుంది. సాయంత్రం నేను ఒక తెర తెరిచి పెట్టి, తలుపు వేసుకుని పోతే చాలు. "మీరేం చేయనక్కర్లేదండీ. అన్నీ అదే చూసుకుంటుంది" అన్నాడు. అన్నీ అదే చూసుకుంటుందని చెప్పిన వస్తువు ఏదీ నా జన్మలో ఏమీ చూసుకోలేదు. అది వేరే సంగతి.

కేంద్రం తెరిచిన మొదటి వారంలోనే ఆమె వచ్చింది. సర్కారు దవాఖానలో ఆయా. చిన్నప్పుడు మా బడిలో నాకంటే చాలా కింది తరగతుల్లో ఉండేది. నాగల్‌గిద్ద దిక్కు మనిషి, మాటల్లో అక్కడక్కడా కన్నడం తొంగిచూసేది. తొమ్మిదిలో ఉండగా చదువు ఆగిపోయింది. ఆదివారం చర్చిలో వాక్యం గట్టిగా చదివేది ఆమేనట. చదవడం మానలేదన్నమాట. మొగుడు కూలికి పోతాడు, ఇద్దరు పిల్లలు. దవాఖానలో కాన్పులు చూసే నర్సుల వెనక ఏళ్ల తరబడి నీళ్లు మోసి, గుడ్డలు ఉతికి, తానూ నర్సు కావాలని మనసులో పెట్టుకుంది. నర్సు ట్రైనింగుకు పదో తరగతి కావాలి. వయసు హద్దు ఉంది. ఆమెకు ఆ హద్దు వచ్చే ఏడు దాటిపోతుంది. అంటే ఈసారి పరీక్ష రాసి పాసైతే సీటు అడగొచ్చు. ఈసారి తప్పితే ఇక అడిగే వీలే లేదు.

"ఇన్నేండ్లు ఎందుకు రాయలేదే మరి?" అని అడిగాను.

"ప్రైవేటుగ రాసేటోళ్లు సంగారెడ్డికి పోయి ఫీజు కట్టాలె గదక్కా. ఒకపారి పోతే సంతకం లేదన్నరు, ఇంకోపారి పోతే సారు లేడన్నరు. డ్యూటీ ఇడిసి ఎన్ని పార్లు పోను? ఇప్పుడు ఖేడ్లనే కడతరని తెలిసి ఉరికొచ్చిన" అంది.

ఆ మాటకు నేను కరిగిపోయాను. ఆ కుర్ర ఇంజినీరు బోర్డు మీద గీసిన గీతలకు ఏదైనా అర్థం ఉంటే ఇదే కదా అనుకున్నాను. ఆమె వివరాలు ఆమె ముందే ఎక్కించాను. తెర ఆమె వైపు తిప్పి పేరు చూపించాను. "హౌదా అక్కా? గిది నేనేనా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఆమెకు సాయంత్రాలు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన లెక్కలూ అంతంతమాత్రమే, ఇద్దరం కలిసి కుస్తీ పట్టేవాళ్లం. సైన్సు మాత్రం ఆమెకు చెప్పాల్సిన పనే లేకపోయింది. గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, ఇవన్నీ ఆమెకు పుస్తకంలోని బొమ్మలు కావు.

పది రోజులయ్యాక హైదరాబాద్ నుంచి ఫోను. "మేడం, మీ సెంటరు నుంచి ఏమీ రాలేదండీ." అదే కుర్రాడు.

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ. సున్నా. మేం ఫోన్ చేస్తే మోగుతోంది. మీ మోడెం ఎత్తడం లేదు."

నేను ఎక్కించిన పేర్లన్నీ ఇక్కడి తెర మీద కనబడుతున్నాయి. రోజూ సాయంత్రం చెప్పినట్టే తెర పెట్టి పోతున్నాను. పొద్దున వచ్చేసరికి మిషను మళ్లీ మొదటి తెర మీద ఉంటోంది. పని అయ్యాక అదే తిరిగి మొదలవుతుంది కాబోలు అనుకున్నాను. కొత్త మిషను తత్వం నాకేం తెలుసు? పెద్ద మిషనైతే అది ఆగిందంటే ఊరంతా తెలిసేది.

మోడెం చెడిపోయిందని హైదరాబాద్ నుంచి మనిషి వచ్చాడు. మధ్యాహ్నం వచ్చి, చేసి చూస్తే బ్రహ్మాండంగా పని చేసింది. "బాగానే ఉంది కదండీ" అని నా వైపు అదో రకంగా చూసి, కల్హేర్ బస్టాపులో మిరపకాయ బజ్జీలు బాగుంటాయట కదా అని వాకబు చేసి వెళ్లిపోయాడు. ఆ రాత్రీ ఏమీ పోలేదు. ఈసారి కొత్త మోడెం పంపారు. అదీ పగలు పలికేది, రాత్రి పలికేది కాదు. టెలిఫోన్ వాళ్లను పిలిచాను. వాళ్లు తీగ లాగి చూసి, లైను చక్కగా ఉంది, మీ మిషన్లోనే ఏదో ఉందన్నారు. మిషను వాళ్లు లైన్లో ఉందన్నారు. ఆఫీసరు సారు నాలోనే ఏదో ఉందన్నట్టు మాట్లాడాడు. "నీకు నడిపించరాకపోతే రాదని చెప్పు. సంగారెడ్డికి రాసి ఇంకొకరిని పిలిపిస్తా" అన్నాడు. ఇన్నేళ్లు మీటలు కొట్టినదాన్ని పట్టుకుని నడిపించరాదంటాడా!

పేర్లన్నీ ఫ్లాపీలో పెట్టుకుని నేనే బస్సెక్కి తెస్తానని కుర్రాడికి ఫోన్ చేశాను. "వద్దండీ. చేతికి తెచ్చిందల్లా తీసుకుంటే ఈ పద్ధతంతా పెట్టుకుని ఏం లాభం? సర్వర్ లైనులో వచ్చిందే తీసుకుంటుంది" అన్నాడు. ఖేడ్ నుంచి రోజుకు ఇన్ని బస్సులు హైదరాబాద్‌కు పోతుంటాయి, కందులు పోతాయి, మేకలు పోతాయి, పెళ్లిళ్లకు పెట్టెలు పోతాయి. అరచేతిలో పట్టే అట్టముక్కలాంటి ఫ్లాపీ పోకూడదట. నేను ఫోన్ పెట్టేసి కాసేపు గోడతో పోట్లాడాను. కాక తలుపు సందులోంచి చూసి చాయ్ తెచ్చిపెట్టాడు.

అంతలో కంది కోతలొచ్చాయి. కాక రెండు రోజులు సెలవు పెట్టి మనూర్ పోయాడు. పోయే రోజు పొద్దున ఆఫీసు తెరిచి, తాళం చెవి నాకిచ్చి, "జర సూసుకో బిడ్డా" అన్నాడు. నేను రెండు సాయంత్రాలూ తలుపు వేసి, తాళం పెట్టి, లాగి చూసి ఇంటికి పోయాను. మూడో రోజు పొద్దున్నే ఫోను.

"మేడం! నిన్నటివీ మొన్నటివీ వచ్చేశాయండీ! ఏం చేశారు?"

"నేనేం చేయలేదు" అన్నాను. నిజంగానే ఏం చేయలేదు. ఏం చేయలేదన్నదే కీలకమని ఆ సాయంత్రం కాక తిరిగి వచ్చాక తెలిసింది. నేను సంచీ సర్దుకుంటుంటే ఆయన అలవాటు ప్రకారం కిటికీలు మూసి, వరండాలో ఉన్న కరెంటు బోర్డు దగ్గరికి పోయి, మెయిన్ స్విచ్చు పిడి పట్టుకుని కిందికి లాగాడు. గదిలో యూపీఎస్ కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది.

"కాకా! ఏం చేస్తున్నావ్?"

"మెయిన్ బంద్ జేస్తున్న. ఏంది బిడ్డా గట్ల జూస్తవ్?"

"రోజూ చేస్తవా?"

"రోజు జేస్త. పొద్దుగాల నువ్వొచ్చెటాళ్లకు మల్ల పెడత. ఈడ నౌకరీల చేరినకాడికెల్లి గదే పని నాది" అన్నాడు, నేను మెచ్చుకుంటాననుకుని.

నేను వరండా మెట్ల మీద కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంత పెద్ద హైదరాబాద్, ఇన్ని పెట్టెలు, ఇన్ని గీతలు, ఇంతమంది ఇంజినీర్లు! యూపీఎస్ కాసేపు అరిచి చచ్చేది, దాంతోపాటు కంప్యూటరూ మోడెమూ చచ్చేవి, రాత్రి సర్వరు ఫోన్ చేస్తే చీకటి గదిలో ఫోను మోగి మోగి ఆగిపోయేది.

కాకది మూర్ఖత్వమని అనడానికి వీల్లేదు. మా ఊళ్లో ఇళ్లల్లో కూడా చాలామంది పడుకునే ముందు మెయిన్ దించేస్తారు. పొలాల్లో మోటార్లు నడిచినంతసేపూ ఊళ్లో బల్బులు మిణుగురు పురుగుల్లా మిణుకుతాయి. ఆ మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగాయా, వోల్టేజి ఎగిసిపడుతుంది. బల్బులు పగులుతాయి, ఫ్యాన్లు మాడతాయి. ఒకసారి పక్క ఆఫీసులో వైర్లు అంటుకుని బీరువా దాకా కాలిందట. అప్పటి నుంచి సాయంత్రం మెయిన్ దించకుండా పోయిన అటెండరు ఖేడ్‌లో లేడు. ఆ సంగతి మా సర్వరుకు ఎవరూ చెప్పలేదు, సర్వరు సంగతి కాకకు ఎవరూ చెప్పలేదు. నేను ఈ ఊళ్లో పుట్టినదాన్నే, కానీ మెయిన్ దించే ఊరిని మరిచిపోయేంత కాలం హైదరాబాద్‌లో ఉన్నాను.

సారు దగ్గరికి పోయి సంగతి చెప్పాను. రాత్రి మెయిన్ ఉంచాలన్నాను.

"మరి కాలిపోతే జిమ్మేదారి ఎవరిది? నీదా?"

"నాదే సార్."

"నీది ఎట్లయితది? నువ్వు ఆపరేటర్వి. బిల్డింగు నాది. సంగారెడ్డి నుంచి పర్మిషన్ రావాలె."

పర్మిషన్‌కు మనిషి పోయాడు. సంగారెడ్డి వాళ్లు కరెంటాయన వచ్చి వైరింగు చూడాలన్నారు. కరెంటాయనకు తీరిక లేదు. మధ్యలో ఆదివారం వచ్చింది. గడువు తరుముకొస్తోంది. ఆగిపోయినవన్నీ పంపాలంటే రోజువారీగా కుదరదు, బడుల వరుసలో పేర్చి మొదటి నుంచీ ఒకే బిగిన పంపాలని కుర్రాడు చెప్పాడు. రాత్రంతా పట్టే పని. బడుల తర్వాత, అన్నిటికంటే చివర, ప్రైవేటుగా రాసేవాళ్లు. ఆ వరుస ఎవరు పెట్టారని అడిగితే ప్రోగ్రాం అలా ఉందన్నాడు.

చివరికి నాలుగు బడుల హెడ్ మాస్టర్లు వచ్చి సారు బల్ల మీద చేతులు చరిచి అరిస్తే ఆయన దిగివచ్చాడు. "ఒక్క రాత్రికి. మల్ల అడగొద్దు" అన్నాడు. అది ఆఖరి రాత్రి, తెల్లారితే గడువు దాటినట్టే. కాకను పిలిచి, ఈ పూట మెయిన్ ముట్టొద్దని సారుతోనే చెప్పించాను. కాక తల ఊపాడు కానీ మొహం చూస్తే కన్నకూతుర్ని తెలియని ఊరికి పంపుతున్నట్టుంది. నేను తెర పెట్టి, దండం పెట్టి, ఇంటికి పోయాను.

పొద్దున నేను ఆఫీసు సందు తిరగగానే కాక ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పెద్ద గండం తప్పిచ్చిన బిడ్డా! రాత్రి మా అర్రల బల్బు ఒక్కపారి తెల్లగ ఎలిగింది. ఇగ జూస్కో, నా పానం ఆగలే. ఉరికొచ్చి మెయిన్ గుంజిన. బజార్ల చూడు పోయి, ఎన్ని బల్బులు పేలినయో. హోటలోని టీవీ గూడ పాయె. మన ఆఫీసు మాత్రం సలామత్!"

నేను బజారు వైపు చూశాను. హోటల్ ముందు నిజంగానే జనం మూగి ఉన్నారు. టీవీ మాడిన వాసన ఇక్కడిదాకా వస్తోంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన పరుగెత్తి రాకపోతే ఏమయ్యేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఆ ముసలాయనను ఏమని తిట్టను? "మంచిదే కాకా" అని లోపలికి పోయి ఫోను దగ్గర కూర్చున్నాను.

"బడులన్నీ వచ్చేశాయండీ!" కుర్రాడి గొంతులో సంబరం. "చివర్లో కొంచెం తెగింది. ప్రైవేటు వాళ్లు రాలేదు. అయినా ఖేడ్‌కు ఇది చాలా గొప్ప ఫలితం మేడం."

ప్రైవేటుగా రాసేవాళ్లు గుప్పెడుమంది. ఆమె తప్ప మిగతావాళ్లంతా తప్పి మళ్లీ కట్టిన మగపిల్లలు. వాళ్లకు వచ్చే ఏడుంది.

సారును అడగలేదు, ఎవరినీ అడగలేదు. ఫ్లాపీ సంచీలో వేసుకుని తొమ్మిది గంటల బస్సెక్కాను. దారి పొడుగునా కోపంతో నా పెదవులు కదులుతుంటే పక్కన కూర్చున్నామె జపం చేసుకుంటున్నాననుకుని జరిగి కూర్చుంది. హైదరాబాద్‌లో నా పాత ఆఫీసే నాకు పరాయిదైపోయింది. గుమ్మం దగ్గర సంతకం పెట్టించారు. చెప్పులు విప్పబోతే, "అవసరం లేదండీ, ఇప్పుడు అవన్నీ లేవు" అన్నారు.

కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టాడు. నీళ్లిచ్చాడు. నేను సంగతంతా చెప్పాను. ఆయా అని చెప్పాను, వయసు హద్దు చెప్పాను, కాక సంగతి చెప్పాను. అతను నిజంగానే బాధపడ్డాడు.

"గడువు దాటిందండీ. తేదీ దాటితే ప్రోగ్రాం ఆ తెరే తెరవదు."

"రాసింది మీరే కదా బాబూ? మీరే తెరవండి."

"రాసింది మేమే కానీ తేదీ పెట్టింది ఆఫీసు. వాళ్లు రాసిస్తే మేం మారుస్తాం."

ఆఫీసు పై అంతస్తులో. అక్కడికి పోతే, "మాకు ప్రోగ్రాంతో సంబంధం లేదమ్మా, అది కంపెనీ వాళ్లది. కంపెనీ మార్చగలమని రాసిస్తే చూస్తాం" అన్నారు. మెట్లు దిగి కంపెనీ దగ్గరికి, ఎక్కి ఆఫీసు దగ్గరికి. మా పాత సూపర్‌వైజర్ ఉంటే బాగుండు అనిపించింది. ఆయన రిటైరై చాలా కాలమైంది. తిడితే తిట్టాడు, పని చేసిపెట్టాడు మహానుభావుడు. ఇక్కడ ఒక్కరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కరూ పని చేయలేదు.

"అసలు ఆ సర్వర్ ఎక్కడుంది? నాకు చూపించు" అన్నాను కుర్రాడితో. ఎందుకడిగానో నాకే తెలియదు. అతను వసారా చివరికి తీసుకుపోయాడు. కొత్త అద్దాల గోడ. దాని వెనక మా పెద్ద మిషను. ఒకటి రెండు బీరువాలు తగ్గాయి, కొత్త డబ్బా ఒకటి పక్కన చేరింది. మిగతాదంతా అదే. మూలన పెయింటు పెచ్చులూడిన చోటు కూడా నేను గుర్తుపట్టాను.

"ఇది మా మిషను కదా?"

"అవునండీ. తీసేయలేదు. దీనికి ఎదురుగా ఒక కొత్త ప్రోగ్రాం పెట్టాం, ఏదైనా దాని గుండానే లోపలికి పోతుంది. ఇప్పుడు దీన్నే సర్వర్ అంటున్నాం."

"అయితే దీనికి తోక తగిలించడం వచ్చు!" అన్నాను. అరిచినట్టున్నాను, లోపలి వాళ్లు తలతిప్పి చూశారు. "ఈ మిషనుకు వచ్చు. ఏటా తగిలించాం. ఒక్క పేరు బాబూ. ఒక్క కార్డు."

అతనికి తోక అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. విన్నాడు. "ఇప్పుడు దీని దగ్గరికి నేరుగా ఎవరూ పోలేరండీ. నేను కూడా. అన్నీ ముందున్న ప్రోగ్రాం ద్వారానే రావాలి" అన్నాడు. నా సగం జీవితం గడిచిన మిషను అద్దానికి అవతల చలిలో గుయ్యిమంటూ నిలబడి ఉంది. ఆమె పేరు నా సంచీలో ఉంది. మధ్యలో ఒక్క అద్దం. నేను ఆ అద్దాన్ని చేత్తో కొట్టాను. వాచ్‌మన్ వచ్చి, "అమ్మా, గిట్ల జేయొద్దు" అన్నాడు. ఇంటికి పోయి పిల్లల ముందు ఏడ్చాను.

మర్నాడు ఖేడ్ బస్సు దిగి నేరుగా దవాఖానకు నడిచాను. ఆఫీసుకు పోతే మళ్లీ ధైర్యం రాదని తెలుసు. ఆమె కాన్పుల వార్డు బయట గచ్చు కడుగుతోంది. నన్ను చూడగానే చీపురు గోడకు ఆనించి, "కూసో అక్కా, నిన్న సాయంత్రం కోణాల లెక్కలు చేద్దామనుకున్న, నువ్వు పట్నం పోయినవంట" అంది.

చెప్పాను. నిలబడే చెప్పాను. మధ్యలో మాటలు మింగకుండా, లైను దగ్గర మొదలుపెట్టి అద్దం దాకా అంతా చెప్పాను. కాకదీ తప్పు లేదని చెప్పాను. నేనెంత తిరిగానో కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో, సిగ్గులేకుండా. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది. చేతులు ఎప్పుడో ఆరిపోయాయి, ఇంకా తుడుస్తూనే ఉంది.

"అంటే ఇగ రాసేది లేదు."

"లేదే."

"వచ్చే ఏడు రాసినా లాభం లేదు."

నేను తల ఊపాను.

ఆమె గచ్చు మీది నీళ్లు మోరీలోకి పోతుంటే చూసింది. తర్వాత తలెత్తి, గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"రాత్రి మెయిన్ బంద్ కావొద్దు. గంతే గదా అక్కా?"

"అంతే."

"మరి గా ముక్క నాతోటి చెప్పకపోతివి? దవాఖానల రాత్రి డ్యూటీలు నాకేమన్న కొత్తనా? తెల్లారెదాంక గా స్విచ్చు కాడ కూసుందును గద. కాక ఉరికొస్తే కాళ్లు మొక్కి ఆపుదును. ఒక్క రాత్రి గదక్కా."

ఇంజినీర్లు, ఆఫీసర్లు, హెడ్ మాస్టర్లు, ఇరవై ఏళ్లకు దగ్గరపడిన నా సర్వీసు, ఇంతమందిలో ఒక్క బుర్రకూ ఆ స్విచ్చు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టొచ్చన్న ఊహే రాలేదు.

లోపల ఎవరో నొప్పులతో అరిచారు. "ఆయా! వేడినీళ్లు!" అని నర్సు కేకేసింది. "వస్తున్న సిస్టర్" అని ఆమె బకెట్ అందుకుని లోపలికి పోయింది.